సందు చుక్కల మీద వెక్టర్లు: డాబా మీద ఆరు వారాల డైరీ

మొదటి శనివారం

విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా మీద సాయంత్రం ఫిజిక్స్ ట్యూషన్‌కి వచ్చేది పద్నాలుగు మంది. అందరూ ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. సగం మంది మా వీధుల వాళ్ళే. మిగతా వాళ్ళు సింగ్‌నగర్ నుంచి, కృష్ణలంక నుంచి సైకిళ్ళ మీద వస్తారు. ఈ రోజు పుస్తకాలు తీయనివ్వకుండా ఒక్క ప్రశ్న ఇచ్చాను. ఒక వస్తువు మీద 3 న్యూటన్ల బలం, 4 న్యూటన్ల బలం ఒకేసారి పనిచేస్తున్నాయి, ఫలిత బలం ఎంత? కోణం కావాలనే చెప్పలేదు.

తొమ్మిది మంది 7 అని రాశారు. నలుగురు 5 అని రాశారు. ఒకమ్మాయి మాత్రం కాగితం మీద ఏమీ రాయకుండా చెయ్యెత్తి, "యాంగిల్ ఎంత మేడం?" అంది.

7 రాసిన వాళ్ళ సంగతి నాకు అర్థమైంది, చిన్నప్పటి కూడిక. 5 రాసిన వాళ్ళని ఎందుకలా రాశారని అడిగితే, "3, 4 కనబడితే 5 మేడం" అన్నారు. ఇది మరీ ఘోరం. సూత్రం అప్పజెప్పమంటే మాత్రం పద్నాలుగు మందీ ఒకే గొంతుతో చెప్పారు: పీ స్క్వేర్ ప్లస్ క్యూ స్క్వేర్ ప్లస్ టూ పీ క్యూ కాస్ తీటా, మొత్తానికి వర్గమూలం. అందులో తీటా అనేది, అంటే రెండు బలాల మధ్య కోణం, ఒకటుందని, అది ఎవరో చెబితే తప్ప లెక్క కదలదని ఒక్కరికే తట్టింది.

వాళ్ళని అని లాభం లేదు. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఆలోచించే వాడికన్నా గుర్తుపట్టే వాడికే మార్కులు. పైగా ఇన్నేళ్ళుగా బోర్డు మీద ముందు సూత్రం రాసి, తర్వాత దాని పక్కన బాణం గీసింది నేనే.

అందుకే ఈ ప్రాజెక్టు. ఆరు వారాలు, వారానికి ఒక శనివారం, డాబా మీద కాళ్ళతో నడిచి వెక్టర్లు, అంటే పరిమాణంతో పాటు దిక్కు కూడా ఉన్న రాశులు, నేర్చుకోవడం. చివర్లో ఇదే ప్రశ్న మళ్ళీ ఇస్తాను. కోణం ఎంత అని ఎంతమంది అడుగుతారో చూడాలి.

రెండో శనివారం

గళ్ళు ఎలా గీయాలా అని సుద్దముక్క, స్కేలు పట్టుకుని కూర్చుంటే అత్తయ్య చూసి నవ్వారు. "గళ్ళెందుకమ్మాయ్, చుక్కలు పెడితే సరిపోదూ? సరి చుక్కలా, సందు చుక్కలా?" అని అడిగారు. సరి చుక్కలంటే ఒక వరస చుక్క కింద సరిగ్గా ఇంకో చుక్క. సందు చుక్కలంటే కింది వరస రెండు చుక్కల సందులోకి పై వరస చుక్క రావడం. నాకు గళ్ళు కావాలి కాబట్టి సరి చుక్కలే అన్నాను. తొమ్మిది వరసలు, వరసకి తొమ్మిది. చుక్కకీ చుక్కకీ 40 సెంటీమీటర్లు. తాపీ మేస్త్రీలు వాడే దారం లాగి పట్టుకుంటే ఆవిడ పావుగంటలో పెట్టేశారు. నడుమ చుక్క మీద చిటికెడు పసుపు వేశాం, అది మొదలు.

తర్వాత దిక్కులు. తూర్పు కుడికి, ఉత్తరం ఎదురుగా. "ఈశాన్యం ఎటు?" అంటే అందరి చేతులూ ఒకేసారి సరైన వైపు లేచాయి. "మా బోరు అటే మేడం" అన్నాడొకడు. నైరుతి అంటే నీళ్ళ ట్యాంకు, ఆగ్నేయం అంటే వంటిల్లు. వాస్తు పుణ్యమా అని మన పిల్లలకి ఎనిమిది దిక్కులూ నోటికొచ్చు. ఫిజిక్స్ క్లాసులో ఇది పనికొస్తుందని నాకు ఇన్నాళ్ళూ తోచలేదు.

ఒక్కో జట్టుకి నాలుగు చీటీలు: (2, 1), (-1, 2), (1, -2), (1, 1). మొదటి అంకె తూర్పుకి, రెండోది ఉత్తరానికి, మైనస్ అయితే ఎదురు దిక్కుకి. ఏ వరసలో నడుస్తారో మీ ఇష్టం అన్నాను. నాలుగు చీటీలకి 24 వరసలు కుదురుతాయి. చేరాల్సిన చుక్క మీద స్టీలు గ్లాసు బోర్లించి కింద పల్లీ చిక్కీలు పెట్టాను. ఐదు జట్లలో నాలుగు, నాలుగు రకాల దారుల్లో వెళ్ళి (3, 2) దగ్గర తేలాయి. ఒక జట్టు మాత్రం గోడ వైపు పోయింది. (-1, 2) ని తిరగేసి చదివారు. చిక్కీ దక్కకపోతే వచ్చే శ్రద్ధ మార్కులు పోతే రాదు. ఆ జట్టు ఇంకెప్పుడూ తిరగేసి చదవలేదు.

కూడిక ఏ వరసలో చేసినా ఫలితం ఒకటే అన్న నియమం అలా తేలిపోయింది, దాని పేరు నేను చెప్పకముందే.

గొడవంతా ఈశాన్యం దగ్గర వచ్చింది. పక్క చుక్కకి ఒక అడుగు, పై చుక్కకి ఒక అడుగు, మరి మూలగా ఉన్న చుక్కకి? "అదీ ఒక అడుగే మేడం, ఒక్క చుక్కేగా" అన్నారు సగం మంది. టేపు పెట్టించాను. పక్కకి 40, మూలకి 56న్నర. రూట్ టూ అన్నమాట ఎవరూ అనలేదు. "నలభైకి నలభై కలిస్తే ఎనభై రావాలి కదా, యాభై ఆరేంటి?" అని ఒకడు టేపుని అనుమానించాడు. నాకు కావాల్సిన అనుమానం అదే. ఆ తర్వాత తూర్పుకి మూడు, ఉత్తరానికి నాలుగు నడిపించి, బయలుదేరిన చోటు నుంచి టేపు పట్టిస్తే 201 సెంటీమీటర్లు వచ్చింది. అంటే ఐదు అడుగులు, చేత్తో పెట్టిన చుక్కలు కాబట్టి ఒక సెంటీమీటరు తేడా.

ఇంటికెళ్ళి ఫోన్‌లో మ్యాప్ చూసి రమ్మని ఒక పని ఇచ్చాను. బెజవాడ నుంచి గుంటూరుకి తిన్నగా గీత గీస్తే ఎంత, ఎటు?

మూడో శనివారం

గుంటూరు లెక్క బాగా చేశారు. అటూ ఇటూగా 22 కిలోమీటర్లు దక్షిణానికి, దాదాపు అంతే పడమరకి. తిన్నగా కొలిస్తే 31 చిల్లర, దిక్కు ఇంచుమించు నైరుతి. బస్సు తిరిగే దూరం వేరు, మనిషి తిన్నగా జరిగిన దూరం వేరు అని వాళ్ళే అన్నారు. దూరానికీ స్థానభ్రంశానికీ తేడా చెప్పడానికి నేను ఏటా అరగంట తీసుకునేదాన్ని.

సంతోషం అక్కడితో సరి. మధ్యాహ్నం వాన కొట్టి చుక్కలన్నీ కొట్టుకుపోయాయి. సరే, అత్తయ్య మళ్ళీ పెట్టేలోపు కాగితం మీద ఒక పని ఇద్దామని, "(2, 1) వెక్టర్‌ని ఒకే బొమ్మలో రెండు చోట్ల గీయండి" అన్నాను. పది మంది కలాలు ఆపి నా వైపు చూశారు. "రెండు చోట్ల ఎలా ఉంటుంది మేడం? (2, 1) అంటే ఆ చుక్కేగా!"

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. పోయిన వారం అందరినీ పసుపు చుక్క నుంచే నడిపించాను. ప్రతి నడకా అక్కడే మొదలైతే నడకకీ చుక్కకీ తేడా ఎక్కడుంటుంది? బోర్డు మీద సూత్రంతో నేను చేసిన తప్పునే ఇక్కడ చిక్కీలు పెట్టి మరీ చేశాను.

వాన తగ్గాక కొత్త చుక్కలు పెట్టించాను, ఈసారి పసుపు లేకుండా. ఐదుగురిని ఐదు వేర్వేరు చుక్కల మీద నిలబెట్టి, బట్టలారేసే తాడు వాళ్ళ నడుముల చుట్టూ తిప్పి, బిగువుగా పట్టుకోమన్నాను. ఐదు మూలల బొమ్మ తయారైంది. ఇప్పుడు అందరూ (2, 1) నడవండి అంటే తాడు బిగుసుకోలేదు, వదులూ కాలేదు. బొమ్మ బొమ్మగా పక్కకి జరిగింది. రెండోసారి, ఒకడి చెవిలో మాత్రం (1, 2) అని చెప్పాను. రెండో అడుగుకే తాడు బిగిసి పక్కనున్న వాడి మీద పడ్డాడు.

"ఐదుగురూ ఐదు చోట్ల ఉన్నా నడిచింది ఒకే వెక్టర్" అని ఆ పడ్డవాడే అన్నాడు. అత్తయ్య పిట్టగోడ మీద కూర్చుని చూస్తూ, "వీళ్ళకి చుక్కే వచ్చు, గీత రాదనుకున్నా, పరవాలేదు" అన్నారు.

నేను తెలుగు మీడియంలో చదివాను. మాకు వెక్టర్ అంటే సదిశ, దిశతో కూడినది. ఆ మాటలోనే సగం పాఠం ఉంది. ఇంగ్లీషు మాటకి మూలం లాటిన్, మోసుకెళ్ళేది అని అర్థం. ఈ వెక్టర్, స్కేలర్ అన్న పేర్లు లెక్కల్లోకి తెచ్చింది హామిల్టన్. 1843లో డబ్లిన్‌లో కాలవ గట్టు మీద నడుస్తుండగా ఆయనకి తన సూత్రం తట్టి, అక్కడి వంతెన రాతి మీద చెక్కేశాడు. ఈ కథ చెప్పగానే, "మనకి ఊళ్ళో మూడు కాలవలున్నాయి మేడం, ఏలూరు కాలవ మీద చెక్కుదామా?" అన్నారు. వద్దన్నాను.

నాలుగో శనివారం

ఈ వారం మీద నాకు పెద్ద ఆశలు లేవు. అత్తయ్య మొదటి రోజు అడిగిన సందు చుక్కలు బుర్రలో తిరుగుతున్నాయి కాబట్టి పెట్టించాను, అంతే. తీరా ఆరు వారాల్లోనూ బాగా పండింది ఇదే.

సందు చుక్కల్లో నేరుగా పైన చుక్క ఉండదు. ఒక చుక్క నుంచి పై వరసకి వెళ్ళాలంటే కుడి పక్క పై చుక్కకో, ఎడమ పక్క పై చుక్కకో పోవాలి. పిల్లలు ముందు ఇబ్బంది పడ్డారు. "ఉత్తరం లేదు మేడం ఇందులో." లేదు. ముందు రెండు దారులే తీసుకుందాం అన్నాను, తూర్పు, కుడి పైకి. వాటి మధ్య కోణం తొంభై కాదు.

ఎంతో కొలవమన్నాను. అత్తయ్య అలవాటు కొద్దీ వరసకీ వరసకీ కూడా 40 సెంటీమీటర్లే పెట్టారు. పక్క అడుగు 40 ఉంటే ఏటవాలు అడుగు 44న్నర పైన వచ్చింది. కోణం అరవై మూడు దాకా ఉంది. అడుగులు సమానం కాకపోతే లెక్క చికాకు. రెండూ సమానం కావాలంటే వరసల మధ్య ఎంత ఉండాలో మీరే చెప్పండి అన్నాను. సమబాహు త్రిభుజం ఎత్తు, 40 లో రూట్ త్రీ బై టూ, 34.6. ఆ రోజు వచ్చిన పదమూడు మందిలో ఐదుగురు వేశారు. అత్తయ్యకి చెబితే, "34న్నరా? దారం మీద ముడి వేసివ్వు" అని మళ్ళీ పెట్టారు. ఇప్పుడు అన్నీ 40, కోణం అరవై.

తూర్పుకి మూడు అడుగులు, కుడి పైకి నాలుగు. టేపు పట్టకముందే ఎంత వస్తుందో చెప్పమన్నాను. 5 అన్నవాళ్ళే ఎక్కువ, అంటే 200. టేపు 243 చూపించింది, అంటే ఆరు అడుగుల పైన. "పైథాగరస్ పనిచేయలేదు" అన్నాడు ఒకడు, ఎవరో మోసం చేసినట్టు మొహం పెట్టి. పైథాగరస్‌కి తొంభై కావాలి, ఇక్కడ లేదు. ఇప్పుడు ఆ సూత్రం బయటికి తీయమన్నాను. తొమ్మిది, పదహారు, రెండు మూళ్ళ నాలుగులు ఇరవై నాలుగులో కాస్ 60 అంటే సగం, పన్నెండు. మొత్తం 37. రూట్ 37 అంటే 6.08, నలభైతో గుణిస్తే 243.

టేపు మీద ఉన్న అంకె కాగితం మీద కూడా రాగానే డాబా మీద ఒక్క క్షణం చప్పుడు లేదు. అప్పజెప్పిన సూత్రంలో ఆ చివరి ముక్క ఎందుకుందో మొదటిసారి కనబడింది వాళ్ళకి.

తర్వాత తూర్పుకి మూడు, ఎడమ పైకి నాలుగు. కోణం 120, కాస్ మైనస్ సగం, రూట్ 13, టేపు 144. అవే మూడు, అవే నాలుగు, ఒకసారి 243, ఇంకోసారి 144.

నాకిష్టమైనది మాత్రం చిన్నది. తూర్పుకి ఒక్క అడుగు, అక్కడి నుంచి ఎడమ పైకి ఒక్క అడుగు. చేరింది ఎక్కడికి? బయలుదేరిన చుక్కకి కుడి పైన ఉన్న చుక్కకే. అంటే ఒకే అడుగు దూరం. ఒకటీ ఒకటీ కలిస్తే ఒకటి. కాళ్ళ కింద మూడు చుక్కల త్రిభుజం కనబడుతోంది కాబట్టి దీనికి టేపూ వద్దు, సూత్రమూ వద్దు. యాంగిల్ అడిగిన అమ్మాయి ఆ మూడు చుక్కల మీదే పది నిమిషాలు తిరిగింది.

చీకటి పడ్డాక కూడా ఎవరూ దిగలేదు. కింద వాళ్ళ అమ్మల ఫోన్లు.

ఐదో శనివారం

బలాలతో ఒకసారి చేయాలని మూడు స్ప్రింగ్ కాటాలు పోగేశాను. రెండు వన్‌టౌన్‌లో కొన్నాను, మూడోది మా వీధిలో పాత పేపర్లు కొనే అతన్ని అడిగి తెచ్చాను. "పిల్లల్ని తూస్తారా అమ్మా?" అన్నాడు. ఒక ఇనప రింగుకి మూడు కొక్కేలూ తగిలించి ముగ్గురు మూడు వైపులా లాగడం, రింగు కదలకుండా నిలిస్తే కాటాలు చదవడం. 3 కిలోలు, 4 కిలోలు తొంభై కోణంలో లాగితే మూడోవాడి కాటా 5 కి కాస్త తక్కువ చూపింది. కోణం మూసుకుంటూ పోతే మూడోవాడికి కష్టం పెరిగింది, తెరుచుకుంటూ పోతే తగ్గింది. చేతికి తెలిసింది, అది చాలు. పాత కాటా సున్నా దగ్గరే పావుకిలో చూపించేది, లెక్కలు నీట్‌గా రాలేదు. వచ్చే ఏడాది ఇది మొదటి వారంలోనే చేస్తే మంచిదేమో.

ఆరో శనివారం

నది దాటే పడవ. ప్రతి ఏడాదీ తప్పు చేసే లెక్క.

నది కోసం ముందు నీలం పట్టా పరిచాను. బ్యాటరీ కారు దాని మడతల్లో ఇరుక్కుని తనిష్టం వచ్చిన చోటికి పోయింది. అప్పుడు సింగ్‌నగర్ కుర్రాడు సైకిల్ వెనక కట్టుకొచ్చిన పాత ఫ్లెక్సీ విప్పాడు, ఎవరిదో పుట్టినరోజుది. శుభాకాంక్షలు కిందికి, తెల్లవైపు పైకి. నున్నగా ఉంది, కారు తిన్నగా పోయింది.

రెండు మీటర్ల ఎడంలో రెండు గట్లు గీశాం. కారు వడి సెకనుకి 20 సెంటీమీటర్లు, దాటడానికి పది సెకన్లు. నేల మీద 10 సెంటీమీటర్లకో గీత గీసి, ఫోన్‌లో సెకనుకో టిక్కు పెట్టి, ఇద్దరు ఫ్లెక్సీని టిక్కుకో గీత చొప్పున లాగాలి. అదే ప్రవాహం. సమానంగా లాగడం రావడానికి ఏడెనిమిది సార్లు పట్టింది.

లాగే ముందు ఓటింగు పెట్టాను. నది కదులుతుంటే కారు దాటడానికి ఎంతసేపు? పదకొండు మంది ఎక్కువ సేపు అన్నారు, దారి ఏటవాలు కాబట్టి. ఇద్దరు పదే అన్నారు. ఒకరు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పది సెకన్లు పట్టింది. మూడు సార్లు చేశాం, కాస్త అటూ ఇటూగా మూడు సార్లూ పదే. కారు మాత్రం ఎదురు చుక్కకి ఒక మీటరు దిగువన తేలింది. దారి పొడవు 2.24 మీటర్లు, నిజమే, కానీ నేల మీద నుంచి చూస్తే కారు వడి కూడా 22.4 అయింది. దారి ఎంత పెరిగిందో వడీ అంతే పెరిగింది. అడ్డంగా పోయే వేగాన్ని నిలువుగా పోయే నీళ్ళు ముట్టుకోవు. ఈ ఒక్క వాక్యం నేను పదిహేనేళ్ళుగా చెబుతున్నాను, ఫ్లెక్సీ పది సెకన్లలో చెప్పింది.

మరి తిన్నగా ఎదురుగా చేరాలంటే? కారు ముక్కుని ఎగువకి తిప్పాలి. ఎంత? 20 లో 10 ని ప్రవాహానికి ఎదురు ఖర్చు పెట్టాలి, సైన్ సగం, అంటే ముప్పై డిగ్రీలు. ఈసారి పదకొండున్నర సెకన్లు పట్టింది, ఎదురుగానే తేలింది.

సింగ్‌నగర్ కుర్రాడు అప్పుడు అడిగాడు. "2024 సెప్టెంబరులో బ్యారేజీ గేట్లకి వచ్చి గుద్దుకున్న పడవలకి కూడా ఇదేనా మేడం?" ఆ వరద అప్పుడు బుడమేరు వాగు వాళ్ళ వీధిలో ఉంది. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు. ఆ పడవల్లో మనుషుల్లేరు, ఇంజన్లు నడవడం లేదు. పడవ తన సొంత వేగం శూన్య సదిశ, మిగిలింది నది వేగం. ఫలితం నదిదే. కారు స్విచ్ ఆపి ఫ్లెక్సీ మీద పెట్టి లాగి చూపించాను. ఎవరూ నవ్వలేదు. కాసేపు ఆ వరద గురించే మాట్లాడుకున్నాం, లెక్కలు పక్కన పెట్టి.

అదే రోజు, రాత్రి

వెళ్ళే ముందు మొదటి రోజు ప్రశ్న మళ్ళీ ఇచ్చాను. 3 న్యూటన్లు, 4 న్యూటన్లు, ఫలిత బలం ఎంత?

పది మంది కోణం అడిగారు. ఇద్దరు తీటాని అలాగే ఉంచి సూత్రం రాశారు. ఒకరు ఇంకా 5. మొదటి రోజు 7 అని రాసిన కృష్ణలంక కుర్రాడి కాగితం మీద ఇలా ఉంది: "1 కి తగ్గదు, 7 దాటదు. కోణం చెబితే కచ్చితంగా చెప్తా." దాని కింద చిన్న సందు చుక్కల బొమ్మ.

5 రాసిన అబ్బాయి నాలుగో శనివారం రాలేదు. వచ్చే వారం వాడొక్కడికి సందు చుక్కలు మళ్ళీ పెట్టాలి. ఆ తర్వాత డాట్ ప్రోడక్ట్, అంటే రెండు వెక్టర్లని గుణించి ఒక అంకె తీసే పద్ధతి. నీడలతో చేద్దామనుకుంటున్నాను, సాయంత్రం నాలుగింటికి డాబా మీద ఎండ ఏటవాలుగా పడుతుంది, ఇంకా సరిగ్గా ఆలోచించలేదు. ముగ్గుపిండి డబ్బా అడుగంటిందట. రెండు కిలోలు తెమ్మని అత్తయ్య రెండుసార్లు గుర్తు చేశారు.